ఫస్టవర్ గొంతులు

తొమ్మిదిన్నరకి ఫస్టవర్. అటెండెన్స్ పిలుస్తుంటే ఎవరు తిని వచ్చారో, ఎవరు ఖాళీ కడుపుతో వచ్చారో గొంతును బట్టే తెలిసిపోతుంది. ఇరవై రెండేళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్నాను. సిలబస్‌లో లేని ఈ విద్య దానంతటదే అబ్బింది.

మొన్నామధ్య ల్యాబ్‌లో ఒకమ్మాయి బ్యూరెట్ ముందు నిలబడే కళ్లు తిరిగి పక్కమ్మాయి మీద వాలిపోయింది. మొహాన నీళ్లు చల్లి కూర్చోబెట్టి, "పొద్దున ఏం తిన్నావమ్మా?" అంటే "టీ తాగాను మేడమ్" అంది. రాత్రి? "కెటిల్‌లో నూడుల్స్." హాస్టల్లో కెటిల్ నిషేధం. దాన్ని దాచడంలో చూపే నేర్పు ఆర్గానిక్‌లో చూపిస్తే బాగుణ్ణు.

పిల్లలనే అనడానికి లేదు. మెస్‌లో టిఫిన్ ఎనిమిదిన్నర దాకానే. ఫ్లోరుకి నాలుగు బాత్‌రూములు, వాటి ముందు బకెట్ల వరస. స్నానమా, ఉప్మానా? ఆ ఉప్మా ఎలా ఉంటుందో తెలిసినవాళ్లెవరైనా బకెట్ దగ్గరే నిలబడతారు.

ఖాళీ కడుపుకు తోడు రక్తం కూడా తక్కువేమో. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. మా క్లాసేమీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. అందుకే మర్నాడు టైట్రేషన్ పక్కన పెట్టి, పాలు కలపని టీ డికాక్షన్‌లో రెండు చుక్కలు ఫెర్రిక్ క్లోరైడ్ వేయించాను. పరీక్షనాళిక సిరా బుడ్డిలా నల్లబడింది. టీలోని టానిన్లు ఇనుమును పట్టుకున్నాయన్నమాట. అన్నంలో, ఆకుకూరలో ఉన్న ఇనుమునీ కడుపులో ఇలాగే పట్టుకుని ఒంటికి సరిగా అందనివ్వవు. నిమ్మరసం పిండితే ఆ నలుపు పలచబడింది. పప్పులో నిమ్మచెక్క పిండుకునే మన అలవాటు ఊరికే రాలేదేమో! అందులోని సి విటమిన్ ఇనుము ఒంటబట్టడానికి సాయపడుతుంది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది కూడా.

టిఫిన్ టైమ్ పెంచమని వార్డెన్‌ని అడిగాను. వంటవాళ్లు మధ్యాహ్నానికి కూరలు తరుక్కోవద్దా అన్నారు. నిజమే. పిల్లలే దారి వెతుక్కున్నారు: ముందు స్నానమైనవాళ్లు రూమ్మేట్ల ఇడ్లీ డబ్బాలో పెట్టించుకొస్తున్నారు.

నిన్న అటెండెన్స్‌లో ఆ అమ్మాయి "ప్రెజెంట్ మేడమ్" చివరి బెంచీ దాకా వినిపించింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక క్యాంటీన్ దగ్గర కనబడింది, నన్ను చూసి టీ గ్లాసు వెనక్కి దాచుకుంటూ. నా చేతిలోనూ గ్లాసే ఉంది.