కన్యాశుల్కం: నేరనివారణ, బాధిత సంరక్షణ – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

గురజాడ అప్పారావు కన్యాశుల్కం 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైంది. 1897లో ఐదంకాలతో అచ్చయింది. 1909లో ఏడంకాల నాటకంగా దాదాపు కొత్త రూపం ధరించింది. సంఘసంస్కరణ నాటకంగా, హాస్య నాటకంగా, వ్యావహారిక భాషకు పట్టం కట్టిన రచనగా దీనిపై విస్తారమైన విమర్శ వెలువడింది. అయితే ఈ నాటకం నడిచేది ఒక నేరాన్ని ఆపే ప్రయత్నంతో, ముగిసేది ఒక బాధితురాలికి ఆశ్రయం చూపే నిర్ణయంతో. ఈ రెండింటినీ కలిపి చూసినప్పుడు, నేరాన్ని ఎవరు గుర్తిస్తారు, ఎవరు ఆపుతారు, నష్టపోయినవారికి ఎవరు అండగా నిలుస్తారు అనే ప్రశ్నలు నాటక నిర్మాణంలోనే ఇమిడి ఉన్నాయని తెలుస్తుంది. ఈ మూడు ప్రశ్నల వెలుగులో నాటకాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

చట్టం చూడని నేరం

తొలి కూర్పుకు రాసిన ఆంగ్ల పీఠికలో గురజాడ కొన్ని లెక్కలు ఇచ్చారు. శాసనసభలో బిల్లు ప్రతిపాదించే సన్నాహంలో భాగంగా, విజయనగర మహారాజు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన బ్రాహ్మణ శుల్క వివాహాల జాబితా తయారు చేయించారు. అందులో నమోదైనవి 1034. ఐదేళ్ల వయసు పిల్లలు 99 మంది, నాలుగేళ్లవారు 44 మంది, మూడేళ్లవారు 36 మంది, రెండేళ్లవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల వెల 350 నుంచి 400 రూపాయలు.

అప్పటికి 1860 నాటి శిక్షాస్మృతి అమలులో ఉంది. 1891లో సమ్మతి వయసును పది నుంచి పన్నెండేళ్లకు పెంచారు. కాని తండ్రి డబ్బు పుచ్చుకొని కూతురికి పెళ్లి చేయడం నేరాల పట్టికలోకి ఎక్కలేదు. బాల్యవివాహ నిరోధానికి శారదా చట్టం రావడానికి 1929 దాకా వేచి ఉండవలసి వచ్చింది. అంటే పీఠికలోని పసిపిల్లలు హాని పొందినవారే గాని, చట్టం దృష్టిలో బాధితులు కారు. 1985లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆమోదించిన బాధితుల న్యాయ ప్రకటన నేరబాధితులతో పాటు అధికార దుర్వినియోగ బాధితులను కూడా గుర్తించింది. దేశీయ శిక్షాచట్టాలను ఇంకా ఉల్లంఘించని చర్యల వల్ల నష్టపోయినా, ఆ చర్యలు మానవహక్కుల ప్రమాణాలకు విరుద్ధమైతే వారు బాధితులే అని దాని సారాంశం. గురజాడ ఈ పరిభాష ఎరుగరు. అయినా చట్టం కంటే ముందే హానిని లెక్కించి చూపడంలో ఆయన పీఠిక చేసిన పని అదే.

ఈ వైరుధ్యాన్ని నాటకం కథగా మలచిన తీరు గమనార్హం. సుబ్బి నిజంగా ఉన్న పిల్ల. ఆమెకు జరగబోయే హానికి పోలీసు లేడు, కచేరీ లేదు. లుబ్ధావధాన్లు కట్టుకొన్న పెండ్లికూతురు అసలు లేని పిల్ల. ఆమె 'హత్య' జరిగిందనగానే హెడ్డు కనిస్టీబు, వకీళ్లు, సాక్షులు, అధికారులు అందరూ కదులుతారు. లేని బాధితురాలి చుట్టూ యంత్రాంగమంతా తిరుగుతుంటే, ఉన్న బాధితురాలిని కాపాడే భారం ఒక మేనమామపై పడుతుంది. నాటకంలోని హాస్యానికి మూలమైన ఈ సన్నివేశమే దాని తీవ్రమైన విమర్శ కూడా.

సమాజపు రెండు ముఖాలు

నేరనివారణలో సమాజ భాగస్వామ్యం అన్నప్పుడు సమాజం సహజంగానే మంచి పక్షాన ఉంటుందన్న భావన ఏర్పడుతుంది. కన్యాశుల్కం ఆ భావనను నిలువనీయదు. అగ్నిహోత్రావధాన్లు పెద్ద కూతురు బుచ్చమ్మను ముసలివాడికిచ్చి, ఆమె వితంతువైనాక ఆమె తాలూకు భూముల కోసం దావా నడుపుతున్నవాడు. అదే పని సుబ్బి విషయంలో మళ్లీ చేయబోతుంటే అగ్రహారంలో అడ్డు చెప్పే పెద్ద లేడు. రామచంద్రపురంలో రామప్ప పంతులు పెళ్లి బేరానికీ, దొంగసాక్ష్యానికీ, వ్యాజ్యానికీ ఒకే మధ్యవర్తి. పూజారి గవరయ్య దయ్యం పేరుతో భయాన్ని సొమ్ము చేసుకొంటాడు. ఒక చోట జరిగిన హాని ఇందరికి జీవనాధారమైనప్పుడు, దాన్ని ఆపడం సామూహిక ప్రయోజనం కాజాలదు.

అందుకే నివారణ ఊరి కట్టుబాటు నుంచి రాలేదు. తల్లి వెంకమ్మ ప్రాణత్యాగానికి తెగించినా భర్త మనసు మారలేదు. అప్పుడు ఆమె సోదరుడు కరటకశాస్త్రి, అతని శిష్యుడు, వేశ్య మధురవాణి కలిసి చిన్న కూటమిగా ఏర్పడతారు. శిష్యుడికి ఆడవేషం వేసి, గుంటూరి శాస్త్రి కూతురిగా లుబ్ధావధాన్లుకు అంటగడతారు. వారి ఉపాయం నీతిబోధపై ఆధారపడలేదు. కొనేవాడి లోభాన్నే ఉపకరణంగా చేసుకొంది.

నివారణ చెల్లించిన మూల్యం

ఈ ఉపాయం సుబ్బిని తప్పించింది; కాని మరొక బాధితుణ్ణి సృష్టించింది. చేయని హత్యకు లుబ్ధావధాన్లు ముద్దాయి అవుతాడు. అతడు సానుభూతికి పాత్రుడు కాకపోవచ్చు; అయినా నిరపరాధి. నాటకం ఈ చిక్కును దాటవేయదు. చివరి అంకమంతా ఈ రుణవిముక్తికే అంకితమైంది. మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులును కలిసి, పెండ్లికూతురే లేదన్న నిజాన్ని బయటపెడుతుంది. మంచి పని కోసం ఆడిన అబద్ధం ఎవరి మెడకు చుట్టుకొంటున్నదో చూసి, దాన్ని విప్పవలసిన బాధ్యత తనదే అనుకోవడం ఆమె వ్యక్తిత్వంలోని ఔన్నత్యం. ఒకరి రక్షణ మరొకరి అన్యాయంపై నిలవరాదన్న సూత్రం నాటకంలో న్యాయవాది నోట కాక, వేశ్య చేతలో రూపుదిద్దుకొంది.

బాధిత సంరక్షణ: అవధులు

సుబ్బి కథ నివారణకు చెందినదైతే, బుచ్చమ్మ కథ సంరక్షణకు చెందినది. ఆమెకు హాని ఇప్పటికే జరిగింది. సంస్కర్త వేషంలో గిరీశం ఆమెను లేవదీసుకొని రావడం రెండో హానికి నాంది. గిరీశం నిజస్వరూపం తెలిసిన సౌజన్యారావు ఆమెను పూనాలోని వితంతు శరణాలయానికి పంపాలని నిర్ణయిస్తాడు. వెంటనే పెళ్లి చేయడం కాక, చదువూ నిలదొక్కుకొనే వ్యవధీ కల్పించడం ఈ నిర్ణయంలోని విశేషం. వితంతు పునర్వివాహమే పరిష్కారమన్న ఆనాటి ధోరణి నుంచి ఇది ఒక అడుగు ముందుకు వేసింది.

అయితే ఆ ఆశ్రయం ఎక్కడో దూరాన ఉంది. ఆమె పుట్టిపెరిగిన అగ్రహారంలో ఆమెకు చోటు లేదు. బుచ్చమ్మ ఏం కోరుకొంటున్నదో అడిగినవారూ లేరు. మీనాక్షిని రామప్ప పంతులు వాడుకొని తప్పుకొంటాడు. ఆమె కోసం ఉపాయం పన్నే కరటకశాస్త్రి ఎవరూ లేరు. ఇందరికి మేలు చేసిన మధురవాణికి దక్కింది సౌజన్యారావు గౌరవం మాత్రమే. సహాయం అందుకోదగిన బాధితులెవరు అన్న ఎంపికలో కులమూ కుటుంబమూ శీలభావనా పనిచేశాయని దీనివల్ల స్పష్టమవుతుంది.

ముగింపు

2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం బాల్యవివాహం జరగబోతున్నదన్న సమాచారం అందితే మేజిస్ట్రేటు నిషేధాజ్ఞ జారీ చేయవచ్చు. నేటి కరటకశాస్త్రికి మారువేషంతో పనిలేదు. కాని సమాచారం ఇవ్వడానికి ఊళ్లో ఒకరు ముందుకు రావాలి. వచ్చినవారికి రక్షణ ఉండాలి. పెళ్లి ఆగిన తర్వాత ఆ పిల్ల బతుకు ఏమిటన్నది ఎవరో ఒకరు పట్టించుకోవాలి. చట్టం మొదటి అవసరాన్ని తీర్చింది. మిగిలినవి సమాజం తీర్చవలసినవి. కన్యాశుల్కం సుబ్బి ఒక్కతెను కాపాడింది. పీఠికలోని 1034 పెళ్లిళ్లు అలాగే మిగిలాయి. నాటకం నవ్వించి ముగిసినా ఆ సంఖ్య పాఠకుణ్ణి విడిచిపెట్టకపోవడమే గురజాడ సాధించిన విజయం.