ముద్ర ఉన్న పాట, ముద్ర లేని పాట

జానపద గేయాలను అజ్ఞాతకర్తృకాలుగా పేర్కొనడం పండితుల పరిపాటి. కూర్చినవారెవరో తెలియకుండానే ఒక కంఠం నుంచి మరొక కంఠానికి, ఒక తరం నుంచి మరొక తరానికి సాగివచ్చిన పాటలివి. అయితే ఈ సూత్రానికి లొంగని పాటలు కూడా జనపదాలలో కొల్లలుగా ఉన్నాయి. వంగదేశపు బావుల్ గీతాల చివర లాలన్ ఫకీర్ పేరు వినిపిస్తుంది. పంజాబీ కాఫీలలో బుల్లేషా తన్ను తానే పేరు పెట్టి పిలుచుకుంటాడు. శిశునాళ షరీఫ్ కన్నడ తత్త్వపదాలు శిశునాళాధీశుని స్మరణతో ముగుస్తాయి. తెలుగు తత్త్వాలకూ, పదకవితకూ ఈ పద్ధతి కొత్తది కాదు. దీనినే ముద్ర అంటారు. పాట ఎంత దూరం పోయినా, ఎవరి నోట పడినా, దాని పుట్టుకను చెప్పే సాక్ష్యం ముద్రే.

సినిమా సంస్థలపై ఆధారపడకుండా గాయకులు, వాద్యబృందాలు స్వయంగా రూపొందించుకొనే స్వతంత్ర సంగీతాన్ని ఇప్పుడు ‘ఇండీ’ అని వ్యవహరిస్తున్నారు. దానిలో జానపదాన్ని ఆశ్రయించిన శాఖ ఒకప్పుడు కళాశాలల ప్రాంగణాలకే పరిమితమై ఉండేది. నేడది దక్షిణాసియా అంతటా ప్రధాన స్రవంతిలో చేరింది. ఈ పరిణామం జానపదానికి మేలు చేసిందా, కీడు చేసిందా అన్న చర్చ తరచు జరుగుతున్నదే. ఆ చర్చలో మరుగునపడిన విషయమొకటుంది. ముద్ర ఉన్న పాటకు ఈ ప్రయాణంలో లభించిన గౌరవం ముద్ర లేని పాటకు లభించలేదు.

ఈ ధోరణికి ఆద్యులలో కలకత్తాకు చెందిన ‘మొహీనేర్ ఘొరాగులి’ బృందం ముందుగా పేర్కొనదగినది. 1975లో గౌతమ్ చటోపాధ్యాయ, ఆయన మిత్రులు నెలకొల్పిన ఈ బృందం బావుల్ గానపు బాణీని పాశ్చాత్య వాద్యాలతో మేళవించింది. 1977లో వెలువడిన వారి తొలి రికార్డును నాటి శ్రోతలు పెద్దగా ఆదరించలేదు. సుమారు రెండు దశాబ్దాల అనంతరం, 1995లో అదే గౌతమ్ చటోపాధ్యాయ సారథ్యంలో వచ్చిన సంకలనంతో ఆ బృందం కొత్త తరానికి ఆరాధ్యమైంది. ఈ రెండు దశాబ్దాల నడుమ మారినది సంగీతం కాదు, వినే చెవి. నగర యువకునికి పల్లెపాట వెనుకబాటుతనానికి గుర్తుగా కాక, తాను పోగొట్టుకొన్న వస్తువుగా తోచడం మొదలైంది.

1990లో ఢిల్లీలో ఏర్పడిన ‘ఇండియన్ ఓషన్’ ఈ మార్గాన్ని విస్తరింపజేసింది. 2000 సంవత్సరంలో వెలువడిన వారి ‘కందీసా’ ఆల్బమ్‌లో పరస్పర సంబంధం లేని మూడు జన్మస్థానాల పాటలు ఒకచోట చేరాయి. శీర్షిక గీతం కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రాచీన ప్రార్థన. ‘మా రేవా’ నర్మదా లోయ ప్రజల పాట. ‘హిలే లే’ భోజ్‌పురి కవి గోరఖ్ పాండే రచన. సుస్మిత్ సేన్ గిటార్ తీగలపై నిలకడగా సాగే శ్రుతి, అశీమ్ చక్రవర్తి తబలా, గానం ఈ పాటలకు తొందరపాటు లేని విస్తృతిని ఇచ్చాయి. పల్లవిని పట్టుకొని అదే పనిగా తిప్పే జనప్రియ సంగీతపు అలవాటుకు ఇది భిన్నమైనది. గోరఖ్ పాండే పాటకు కవి పేరుంది, ప్రార్థనకు చర్చి ఉంది. నర్మద పాటకు మాత్రం నది తప్ప మరొక చిరునామా లేదు. బృందంలోని రాహుల్ రామ్ నర్మదా బచావో ఆందోళనలో పనిచేసినవాడు కనుక, ముంపునకు గురికానున్న ఊళ్ల ప్రజలతో ఆ పాటకున్న సంబంధం తెలిసినవాడు. ఆ సంగతి తెలియని శ్రోతకు అది ఒక అందమైన నదీస్తుతి మాత్రమే. పాట పూర్తిగానే చేరింది; దాని వెనుకనున్న ఊరు చేరలేదు.

దీనికి ఎదురుగా 2004లో రబ్బీ షేర్గిల్ పాడిన ‘బుల్లా కీ జానా’ను నిలిపి చూడాలి. పద్దెనిమిదవ శతాబ్దపు కాఫీని ఆయన గిటార్‌పై నిరాడంబరంగా పాడాడు. పల్లవిలోనే కవి పేరుండటం వల్ల, పంజాబీ రానివారు సైతం ఆ పేరును పలకక తప్పలేదు. 2008లో తన తొలి ఆల్బమ్‌ను వెలువరించిన రఘు దీక్షిత్ గళంలో షరీఫ్ పదాలకూ ఇటువంటి పునర్జన్మే లభించింది. గోవిందభట్టును గురువుగా స్వీకరించిన ఆ ముస్లిం కవి కన్నడ దేశపు ఎల్లలు దాటి వినబడ్డాడు. హుక్కాను సాధనకు సంకేతం చేసిన పదంలోని వ్యంగ్యార్థం, రంగస్థలంపై ఉరకలెత్తే లయలో కొంత వెనుకబడిన మాట నిజం. అయినా అర్థం అడగదలచిన శ్రోతకు ఎవరిని అడగాలో తెలుసు. ముద్ర చేసే మేలు అదే.

2008లో పాకిస్తాన్‌లో మొదలైన ‘కోక్ స్టూడియో’ మరొక దారి చూపింది. శీతల పానీయాల సంస్థ సొమ్ముతో నడిచే కార్యక్రమాన్ని స్వతంత్ర సంగీతమనడం ఎంతవరకు సబబన్న ప్రశ్న ఉండనే ఉంది. అయినప్పటికీ 2010లో ఆరిఫ్ లోహార్ చిమ్టా చేతబట్టి, నవతరం గాయని మీషా షఫీ సరసన ‘జుగ్నీ’ పాడినప్పుడు, జానపదుడు పాటకు ముడిసరుకు అందించేవాడుగా కాక పాటకు నాయకుడుగా కనిపించాడు. పాటలో ముద్ర లేకపోతే పాడేవాని ముఖమే ముద్ర కావచ్చునని ఆ ప్రదర్శన నిరూపించింది.

తెలుగునాట జనప్రియత్వానికి రాజమార్గం నేటికీ సినిమాయే. 2021లో ‘లవ్ స్టోరీ’ చిత్రంలోని ‘సారంగ దరియా’ ఊరూరా మారుమ్రోగిన వేళ, ఆ జానపదాన్ని సేకరించి పాడినవారికి దక్కవలసిన గుర్తింపు గురించి వివాదం చెలరేగింది. ముద్ర లేని పాటకు హక్కుదారెవరన్న ప్రశ్న సామాన్య శ్రోత వరకూ వచ్చిన సందర్భమది. అదే ఏడాది పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య ‘భీమ్లా నాయక్’ పాటలో తన గొంతు వినిపించాడు. 2022లో పద్మశ్రీ అందుకొన్నాడు. 2024లో ఆయన దినకూలీగా పనిచేస్తున్నట్లు పత్రికలలో వార్తలు వచ్చాయి. పేరు దక్కినంత మాత్రాన బ్రతుకు దక్కదని ఈ ఉదంతం హెచ్చరిస్తున్నది.

చట్టం ఇక్కడ పెద్దగా ఆదుకోవడం లేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం వ్యక్తిని కర్తగా గుర్తిస్తుంది. కర్త మరణానంతరం అరవై ఏళ్ల వరకు రక్షణ కల్పిస్తుంది. 2012 సవరణ గీతరచయితల, సంగీతకర్తల, గాయకుల రాయల్టీ హక్కులను పటిష్ఠం చేసింది. కాని ఒక కులంలోనో, ఒక ఊరిలోనో సమష్టిగా పుట్టిన పాటకు ఆ చట్టం దృష్టిలో యజమాని లేడు. దానికి కొత్త వాద్యాలు సమకూర్చినవాడు తన కూర్పుపై హక్కు పొందవచ్చు. దానిని వందల ఏళ్లు నోటిలో నిలుపుకొన్నవారికి ఏమీ రాదు. పాట వివరాలలో కనిపించే ‘సంప్రదాయ గీతం’ అన్న ఒక్క మాట చాలా సందర్భాలలో ఈ అన్యాయానికి తెర.

జానపదాన్ని గాజుపెట్టెలో దాచమని ఎవరూ కోరరు. మారడం జానపదానికి స్వభావం. మారనినాడు అది మ్యూజియం వస్తువవుతుంది. గిటార్ చేరినందువల్ల పాట చెడదు, లయ పెరిగినందువల్ల చావదు. కాని పాట ఎవరి నోట విన్నది, ఏ ఊరిది, ఏ పనిలో, ఏ పండుగలో పాడుకొనేది అన్న నాలుగు మాటలు ప్రతి ముద్రణతోనూ వెలువడాలి. వచ్చిన ఆదాయంలో పాట చెప్పినవారికి వాటా ఉండాలి. అకాడమీలు, ఆకాశవాణి భాండాగారాలు తమ వద్దనున్న ధ్వనిముద్రణలకు ఈ వివరాలు చేర్చి అందుబాటులో ఉంచితే, కొత్త బృందాలకు తెలియదన్న సాకు మిగలదు. లాలన్, బుల్లేషా, షరీఫ్ తమ ముద్రను తామే వేసుకొన్నారు. నాట్లు వేస్తూ, తిరగలి విసురుతూ పాట కట్టిన స్త్రీకి ఆ అవకాశం కలుగలేదు. ఆమె పాటను ఎత్తుకొని లక్షలమందికి వినిపించేవారే ఆమె ముద్రను కూడా మోయవలసి ఉన్నది.