తంగేడు చెక్క, కిర్రు చెప్పులు

తంగేడు పువ్వు బతుకమ్మకెక్కుతుంది. తెలంగాణ వచ్చాక రాష్ట్ర పుష్పం కూడా అయింది. ఆ చెట్టు బెరడు ఎటు పోయేదో ఈ కాలం పిల్లలను అడిగి చూడండి. మాదిగవాడలో తోలు ఊరబెట్టే లందలోకి పోయేది. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో మన తాతలు తొడిగిన కిర్రు చెప్పులు ఆ లందలోంచే వచ్చాయి.

చచ్చిన ఎద్దుదో బర్రెదో పచ్చి తోలును ముందు సున్నం నీళ్లలో నానేస్తారు. వెంట్రుకలు వదులయ్యాక గీకి, కండ తీసి, సున్నం పోయేదాకా కడుగుతారు. తర్వాత లంద. దంచిన తంగేడు చెక్క, కరక్కాయ వేసిన నీళ్లలో తోలు రోజుల తరబడి ఊరుతుంది. సారం తగ్గినకొద్దీ కొత్త చెక్క పడాలి. కొన్నిచోట్ల తోలునే సంచిలా కుట్టి, వేలాడదీసి, లోపల చెక్క నీళ్లు నింపేవారు. చెక్కలోని టానిన్లు తోలు మాంసకృత్తులను పట్టుకుని కుళ్లకుండా చేస్తాయని రసాయన శాస్త్రం చెబుతుంది. బడి మొఖం చూడని మనుషులు అంచు కోసి లోపలి రంగు చూసి, తోలు పండిందో లేదో చెప్పేవారు. ఈ విద్యను ఇన్నాళ్లూ ‘కంపు పని’ అన్నాం.

చెప్పు కుట్టే తీరు చూడండి. తోలు మీద నిలబడమని, ఆరె మొనతో పాదం చుట్టూ గీత గీస్తారు. రంపె అనే కత్తితో కోస్తారు. పొర మీద పొర పెట్టి, బెజ్జం పొడిచి, దారానికి బదులు సన్నటి తోలు వారుతో కుడతారు. తడి వారు ఆరినకొద్దీ బిగుసుకుంటుంది. బొటనవేలికి ఉంగుటం. కొత్తలో కరుస్తాయి, ఆముదం పట్టించి మెత్తబరచాలి. నడుస్తుంటే పొరలు ఒరుసుకుని కిర్రుకిర్రుమంటాయి. చీకట్లో ఆ చప్పుడు విని వచ్చేదెవరో చెప్పొచ్చనేవారు పెద్దలు.

ఆ చప్పుడు దొర గడి ముందు వినపడకూడదు. చెప్పులు చేతబట్టుకుని పోవాలి. అవే చెప్పులు దొరకు మాత్రం ఊరికే కుట్టియ్యాలి. రైతులు కల్లం కాడ ఇన్నని గింజలు కొలిస్తే, దొరలు చెప్పులూ, బావి నీళ్లు తోడే మోట తోలు సామానూ కూలి లేని వెట్టి కింద తీసుకున్నారు. తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలో కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య ఈ సంగతి రాసిపెట్టారు. 1978 సెప్టెంబరు 7న దొరల పెత్తనం మీద జగిత్యాల జైత్రయాత్రకు కదిలిన వేలమంది రైతుకూలీల కడుపుమంటలో వెట్టి కూడా ఉంది.

తర్వాత బావుల మీద కరెంటు మోటార్లు వచ్చాయి, మోట పోయింది, దానితో తోలు తొండం పోయింది. ప్లాస్టిక్ చెప్పులు మిగతా పని కానిచ్చాయి. నడుమ కొంతకాలం టైరు చెప్పులు నడిచాయి. మెక్సికోలో తోలు వారులు అల్లి చేసే వరాచే చెప్పులకూ పాత టైర్లే అడుగులయ్యాయి. 2025లో అడిడాస్ వాటి పోలికతో ఒక జోడు తెస్తే, ఓహాకా రాష్ట్రంలోని యలాలగ్ జనం తమ సొత్తని నిలదీశారు, కంపెనీ క్షమాపణ చెప్పింది. అదే ఏడాది మిలాన్‌లో ఫ్యాషన్ కంపెనీ ప్రాడా చూపిన చెప్పులు మన కొల్హాపురీలేనని గొడవైంది. కొల్హాపురికి 2019లోనే భౌగోళిక గుర్తింపు ఉంది కాబట్టి అడిగేవాళ్ల నోరు పెగిలింది. రేపెవరో కిర్రు చెప్పులను ర్యాంపెక్కిస్తే?

మాదిగ పిల్లలు కులవృత్తి వదిలేశారని బాధపడేవాళ్లతో నేను చేరను. వాళ్లు చదువుకుని బయటపడ్డారు, మంచిదే. లంద దగ్గరికి తిరిగి పొమ్మనే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ పని తెలిసిన పెద్దలు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. మీ ఊళ్లో ఒకరుంటే పోయి ఒక జత కుట్టించుకోండి. పక్కన కూర్చుని ఎట్లా కుడుతున్నారో ఫోనులో పట్టుకోండి. ధర మాత్రం బేరమాడకండి.