'అయినా'కీ 'అందుకే'కీ మధ్య

1997 సెప్టెంబరు 28, ఆదివారం. న్యూయార్క్ టైమ్స్‌లో ఫాక్స్ బటర్‌ఫీల్డ్ అనే విలేఖరి రాసిన కథనం ఒకటి వచ్చింది. దాని శీర్షికని తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: నేరాలు తగ్గుతూనే ఉన్నాయి, అయినా జైళ్ళు నిండుతూనే ఉన్నాయి.

ఇందులో నవ్వడానికేముంది అనిపిస్తుంది. కానీ అమెరికాలో కన్సర్వేటివ్ వ్యాఖ్యాతలు ఆ 'అయినా' అన్న ఒక్క మాట పట్టుకొని ఏళ్ళ తరబడి నవ్వారు. దొంగల్ని లోపల వేస్తే ఊళ్ళో దొంగతనాలు తగ్గవా మరి? జైళ్ళు నిండుతున్నాయి, అందుకే నేరాలు తగ్గుతున్నాయి అని కదా రాయాల్సింది? 'అందుకే' పడాల్సిన చోట 'అయినా' పడిందంటే అది చేతిపొరపాటు కాదు, ఆ ఆఫీసులో అందరికీ ఉన్న ఆలోచనే అంత అని వాళ్ళ వాదన.

ఈ నవ్వుని అందరికంటే ఎక్కువకాలం నడిపినవాడు జేమ్స్ టారాంటో. వాల్‌స్ట్రీట్ జర్నల్ తరఫున 2000 నుంచి 2017 జనవరి దాకా 'బెస్ట్ ఆఫ్ ద వెబ్ టుడే' అనే కాలమ్ రాశాడు. రాజకీయాల మీదా పత్రికల మీదా ముందు ఒకటి రెండు పెద్ద వ్యాఖ్యలుండేవి. నాలాంటివాళ్ళు మాత్రం గబగబా కిందికి దిగిపోయేవాళ్ళం, అసలు సరుకు అక్కడుండేది గనక. ఏ ఊరి పత్రికలోనో వచ్చిన ఒక వింత శీర్షిక, దాని నెత్తిన టారాంటో పెట్టిన ఒక పేరు. అంతే, వ్యాఖ్య ఉండదు. 'ఎవరూ అడగని ప్రశ్నలు' అని ఒక పేరు. 'ఇవాళ్టి అట్టడుగు వార్త' అని ఇంకోటి. నిపుణులే లేకపోతే మనమంతా ఏమైపోదుమో అని నిట్టూర్చేది మరోటి. వాటన్నిటిలోకీ పేరుపడ్డది 'ఫాక్స్ బటర్‌ఫీల్డ్, నువ్వేనా?' ఏ పత్రికలోనైనా కారణాన్నీ ఫలితాన్నీ పక్కపక్కనే పెట్టి 'ఇదేం విచిత్రం' అని ఎవరైనా ఆశ్చర్యపోతే, ఆ ముక్క వచ్చి ఈ పేరు కింద చేరేది.

మన భాషలో దీనికి సరైన మాట మకుటం. మన శతకంలో మకుటం పద్యం చివర వస్తుంది, ఇక్కడ ముందొస్తుంది. తేడా చిన్నదే అనిపిస్తుంది గానీ, నేను చెప్పబోయేదంతా ఆ తేడాలోనే ఉంది.

ముందు ఈ ప్రక్రియ గొప్పతనం ఒప్పుకోవాలి. దీనికి మంచి వంశమే ఉంది. 1924లో మెన్కెన్, నేథన్‌తో కలిసి 'అమెరికన్ మెర్క్యురీ' పత్రిక మొదలుపెట్టినప్పుడు, రాష్ట్రాలవారీగా పత్రికల్లోని వింతల్ని కత్తిరించి, ఒక్కోదానికి ఒక పొడి వాక్యం తగిలించి, 'అమెరికానా' పేరుతో వేసేవాడు. 1955లో బక్లీ 'నేషనల్ రివ్యూ' పెట్టినప్పుడు కూడా ముందు పేజీల్లో సంతకం లేని చిన్న పేరాలుండేవి. ఒక వార్త, ఒక చురక, తర్వాతి వార్త. బక్లీ పాఠకులతో చేసిన ఉత్తర ప్రత్యుత్తరాల సంకలనం ఒకటి 2007లో వచ్చింది. చందా రద్దు చేయమని కోప్పడ్డ పాఠకుడికి 'నువ్వే చేసుకో ఫో' అన్న ధోరణిలో ఆయన పెట్టిన జవాబే ఆ పుస్తకం పేరు.

ఈ పొట్టి వ్యాఖ్య కన్సర్వేటివ్‌ల చేతిలో అంత బాగా పండటానికి కారణం వాళ్ళ తత్వంలోనే ఉందనుకుంటాను. 1790లో ఫ్రెంచి విప్లవం మీద ఎడ్మండ్ బర్క్ రాసినప్పటి నుంచీ వాళ్ళు చెప్తున్నది దాదాపు ఒక్కటే: కాగితం మీద గీసిన పెద్ద పథకాల్ని నమ్మకండి, కళ్ళ ముందున్న చిన్న సంగతిని చూడండి. లోకాన్ని కొత్తగా కడతానన్నవాడికి ఆ కొత్త లోకం ఎలా ఉంటుందో చెప్పడానికి నూరు పేజీలు కావాలి. వద్దనేవాడికి ఆ పథకంలో ఇమడని సంగతి ఒక్కటి చూపిస్తే చాలు. ఒక అంగీకి గుండీ తప్పు కాజాలో పెట్టారని చూపించడానికి వ్యాసం ఎందుకు, వేలు చాలదూ?

ఆ వేలు నిజంగా పని చేసిన సందర్భాలున్నాయి. 2004 సెప్టెంబరులో సీబీఎస్ టీవీ జార్జి బుష్ సైనిక సేవ గురించి 1970ల నాటివంటూ కొన్ని కాగితాలు చూపించింది. కొన్ని గంటల్లోనే అక్షరాల మధ్య ఎడం ఆ కాలపు టైపు మిషను మీద వచ్చేదిలా లేదే అని ఒకరన్నారు. ఇంకొకాయన అదే ఉత్తరాన్ని కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ వర్డ్ తెరిచి, ఏ అమరికా మార్చకుండా కొట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించాడు. రెండూ అతికినట్టు సరిపోయాయి. కాగితాలు అసలువని రుజువు చేయలేమని చివరికి సీబీఎస్ ఒప్పుకుంది. డాన్ రాదర్ 2005 మార్చిలో యాంకరు కుర్చీ దిగాడు. అక్కడ సిద్ధాంతం లేదు, ఒక అక్షరానికీ ఇంకో అక్షరానికీ మధ్య జాగా ఉంది.

మనకీ ఈ పద్ధతి కొత్తేమీ కాదు. నెల్లూరు నుంచి వెళ్ళి మద్రాసులో ఇంగ్లీషు జర్నలిజంలో పేరు తెచ్చుకున్న ఖాసా సుబ్బారావు, 1946లో 'స్వతంత్ర', 1956లో 'స్వరాజ్య' వారపత్రికలు పెట్టాడు. ఆయన 'సైడ్‌లైట్స్' కాలమ్ ఈ కుదురుదే. అదే స్వరాజ్యలో రాజాజీ 'డియర్ రీడర్' అంటూ వారం వారం రాసేవాడు. పర్మిట్-లైసెన్స్ రాజ్యం అన్న మాటని జనం నాలుకల మీదికి ఎక్కించింది ఆయనే. నెహ్రూ ఆర్థిక విధానం మీద వచ్చిన లావుపాటి విమర్శగ్రంథాలకంటే ఆ ఒక్క మాట ఎక్కువ కాలం బతికింది. ఎందుకంటే సిమెంటు బస్తా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాడికి దాన్ని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంతవరకూ బాగుంది. మరి బటర్‌ఫీల్డ్ మాటేమిటి?

ముందుగా, పత్రికల్లో శీర్షిక పెట్టేది మామూలుగా విలేఖరి కాదు, డెస్కు మీద కూర్చున్నవాళ్ళు. సరే, అలాంటి శీర్షికలు ఆయన వార్తల మీద ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ వచ్చాయి గనక దాన్ని వదిలేద్దాం. జోకు సంగతి చూద్దాం. జోకు నిజమేనా?

సగం నిజం. లోపలున్నవాడు ఆ కాసేపూ బయట నేరం చేయలేడన్నది అబద్ధం కాదు. దాన్ని అసలు పట్టించుకోకుండా ఆశ్చర్యపోవడం నిజంగానే నవ్వు తెప్పిస్తుంది. కానీ తర్వాత ఏం జరిగిందో చూడండి. న్యూయార్క్ రాష్ట్రంలో ఖైదీల సంఖ్య 1999లో 70 వేలు దాటింది. అక్కణ్ణుంచి తగ్గుతూ వచ్చి 2013 నాటికి 55 వేల దగ్గరికి దిగింది. 'అందుకే' వాదం ప్రకారం నేరాలు పెరగాలి. న్యూయార్క్ నగరంలో 1999లో 670 దాకా ఉన్న హత్యలు 2013లో 335కి తగ్గాయి. దేశం మొత్తం మీద కూడా ఖైదీల సంఖ్య 2009లో 16 లక్షలు దాటి, ఆ తర్వాత తగ్గడం మొదలైంది. నేరాలూ ఇంకొన్నేళ్ళు తగ్గుతూనే వచ్చాయి. 2014లో నేషనల్ రిసెర్చ్ కౌన్సిల్ ఈ లెక్కలన్నీ ముందేసుకొని, అంతమందిని జైళ్ళలో పెట్టడం వల్ల నేరాలు ఎంత తగ్గాయో కచ్చితంగా చెప్పలేమనీ, పెద్ద ఎత్తున తగ్గి ఉండకపోవచ్చనీ తేల్చింది.

అంటే అక్కడ 'అయినా' తప్పే. 'అందుకే' కూడా పూర్తి ఒప్పు కాదు. ఆ రెంటికీ మధ్య ఉన్నదే అసలు విషయం. సరిగ్గా ఆ విషయం చెప్పడానికే ఈ పొట్టి ప్రక్రియకి చోటు చాలదు. ఒక మాట పట్టుకుంటే ఇంకో మాట జారిపోతుంది.

ఇది చోటు సమస్యే అయితే క్షమించేయొచ్చు. దీనికంటే పెద్ద చిక్కు మకుటంతో వచ్చింది. శతకకారుడికి మకుటం ఖాయమే, కానీ దాని పైనుండే పాదాల్లో ప్రతిసారీ కొత్త సంగతి చెప్పాలి. లేకపోతే పద్యం నిలవదు. టారాంటో మకుటం ముందే వేలాడుతోంది. పాఠకులు ఊరూరి పత్రికలూ గాలించి అందులో ఇమిడే ముక్కలు పంపించేవారు, కాలమ్ చివర వాళ్ళ పేర్లు వేసేవాడు. ఇమడనివి ఎవరు పంపుతారు? వార్త చూసి నవ్వడం పోయి, నవ్వుకి తగ్గ వార్త వెతకడం మొదలైంది. కళ్ళ ముందున్న చిన్న సంగతిని చూడమన్నవాళ్ళే, ప్రతి చిన్న సంగతినీ ఒక పెద్ద సిద్ధాంతానికి సాక్ష్యంగా తెచ్చి నిలబెట్టడం మొదలెట్టారు. బర్క్ భయపడ్డది సరిగ్గా ఇలాంటి మనస్తత్వానికే కదా.

ఈ దారిలో ఇంకాస్త ముందుకెళ్తే ఏమవుతుందో ఇంగ్లండులో చూడొచ్చు. బర్మింగ్‌హామ్ నగరపాలక సంస్థ 1997, 1998లలో చలికాలపు వేడుకలన్నిటినీ కలిపి ప్రచారం చేయడానికి 'వింటర్‌వల్' అనే పేరు పెట్టింది. అందులో క్రిస్మస్ వేడుకలు క్రిస్మస్ పేరుతోనే జరిగాయి. కానీ మైనారిటీల మనసు నొచ్చుకుంటుందని క్రిస్మస్‌నే రద్దు చేశారన్న వింత పత్రికల్లోకి ఎక్కింది. ఏటా డిసెంబరు రాగానే ఎవరో ఒక కాలమిస్టు దాన్ని దుమ్ము దులిపి బయటికి తీసేవాడు. 2011 నవంబరులో గానీ డెయిలీ మెయిల్ అది నిజం కాదని సవరణ వేసుకోలేదు. పదమూడేళ్ళు! ఆ వింతని ఎవరూ సరిచూడకపోవడానికి కారణం, అది మకుటానికి అంత చక్కగా సరిపోవడమే.

అదే ఇంగ్లండులో ఇంకో రకం కన్సర్వేటివ్ హాస్యం కూడా ఉంది. డెయిలీ టెలిగ్రాఫ్‌లో మైకేల్ వార్టన్ 'పీటర్ సింపుల్' పేరుతో 1957 నుంచి ఇంచుమించు అర్ధశతాబ్దం రాశాడు. టారాంటోకంటే చాలా మొండి మనిషి, రైళ్ళూ కార్లూ కూడా పెద్దగా గిట్టని రకం. కానీ ఆయన చేసిన పని చూడండి. ప్రతి నేరానికీ 'తప్పు మనందరిదీ' అని కేకలు పెట్టే మనస్తత్వ వైద్యుణ్ణి వెక్కిరించాలనుకున్నప్పుడు, డాక్టర్ హైన్జ్ కియోస్క్ అనే మనిషిని కల్పించాడు. హాంప్‌స్టెడ్ భవంతిలో కూర్చొని విప్లవం గురించి మాట్లాడే సంపన్నురాలి కోసం మిసెస్ డట్-పాకర్‌ని కల్పించాడు. ఆ పాత్రల్లో ఎవరికి వాళ్ళు తమని చూసుకోవచ్చు, చూసుకోకపోవచ్చు. ఏ ఒక్క మనిషీ ఆ మకుటానికి వేలాడడు. మన పానుగంటివారు సాక్షి వ్యాసాల్లో జంఘాలశాస్త్రిని నిలబెట్టి తిట్టించినప్పుడు చేసిందీ దాదాపు ఇదే. కల్పన ఇక్కడ కేవలం అలంకారం కాదు, ఒక మర్యాద.

టారాంటో ఆ మర్యాద పాటించలేదు. బతికున్న మనిషి పేరుని ఒక తెలివితక్కువతనానికి పేరుగా మార్చేశాడు.

నేను ఆ కాలమ్ ఏళ్ళ తరబడి మధ్యాహ్నం అన్నం తింటూ చదివాను. నా రాజకీయాలు అటువైపువి కావు, అయినా చదివాను. 'ఇది బటర్‌ఫీల్డ్ వ్యవహారంలా ఉందే' అని మిత్రుల దగ్గర నేనూ వాడాను. ఆ పెద్దమనిషి రాసిన ఒక్క పుస్తకమైనా చూడాలని తోచనేలేదు. చాలాకాలం తర్వాత, ఒక పాత పుస్తకాల దుకాణంలో 'ఆల్ గాడ్స్ చిల్డ్రన్' కనబడింది. రచయిత పేరు చూసి ముందు నవ్వొచ్చింది, అలవాటు కొద్దీ.

1995లో వచ్చిన పుస్తకమది. 1978లో, 15 ఏళ్ళ వయసులో, న్యూయార్క్ సబ్‌వేలో ఇద్దర్ని చంపిన విల్లీ బాస్కెట్ అనే కుర్రాడి కథ. వాడి మూలంగానే ఆ రాష్ట్రంలో 13 ఏళ్ళ పిల్లల్ని కూడా హత్యకేసుల్లో పెద్దవాళ్ళలాగా విచారించే చట్టం వచ్చింది. బటర్‌ఫీల్డ్ ఆ కుర్రాడితో ఆగలేదు. తండ్రి దగ్గరికెళ్ళాడు, ఆయనా హంతకుడే. తాతలు, ముత్తాతల దాకా వెళ్ళాడు. సౌత్ కెరొలైనాలోని ఎడ్జ్‌ఫీల్డ్ అనే ప్రాంతంలో తెల్ల దొరలు పరువు పేరుతో ఒకర్నొకరు కాల్చుకొనే ఆచారం, బానిసల్లోకీ వాళ్ళ పిల్లల్లోకీ ఎలా దిగి, రెండు శతాబ్దాలు ఎలా ప్రయాణించిందో వెతికాడు.

తండ్రి నుంచి కొడుక్కి దిగే అలవాటు. కుటుంబం చేసేదీ చెరిచేదీ. ఒక ఊరి ఆచారం చట్టంకంటే బలంగా ఉండటం. కన్సర్వేటివ్‌లు ఎప్పట్నుంచో వినమంటున్న సంగతులే ఇవన్నీ. వాళ్ళు భుజాన మోయాల్సిన పుస్తకమది. రాసినవాడి పేరు మాత్రం వాళ్ళకి ఒక జోకు.

వాళ్ళకేమిటి, నాకూ అంతే. ఆ పుస్తకం కొన్నాను. 'నువ్వేనా?' అన్న ప్రశ్న పదిహేనేళ్ళు విన్నాను గనక, ఇంటికెళ్ళాక ముందు వెనక అట్ట మీద ఆయన ఫోటో ఉందేమో చూసుకున్నాను.