‘సజీవ’ పాలిమరీకరణం: రూపకం – లవణం – అర్థం

శాస్త్ర పరిభాషలోని రూపకం అవగాహనకు తొలిమెట్టు. అదే ఒక్కొక్కప్పుడు అవరోధమూ అవుతుంది. ‘సజీవ పాలిమరీకరణం’ అన్న మాట ఇందుకు తగిన ఉదాహరణ.

1956లో మైకేల్ ష్వార్ట్స్ స్టైరీన్‌ను ఆనయాన్ల మార్గంలో పాలిమర్‌గా మార్చి, ఆ గొలుసులను ‘సజీవాలు’ అన్నారు. మోనోమర్ అంతా ఖర్చయినా గొలుసు కొన చెక్కుచెదరదు. మళ్ళీ మోనోమర్ కలిపితే పెరుగుదల కొనసాగుతుంది. అక్కడ రూపకం వాస్తవానికి సరిపోయింది.

కాటయాన్ల మార్గంలో పరిస్థితి వేరు. కార్బోకాటయాన్ పక్క కార్బన్ మీది ప్రోటాన్‌ను సులువుగా కోల్పోతుంది. ఆ ప్రోటాన్ మరో గొలుసుకు నాంది పలుకుతుంది. గొలుసుల పొడవు అదుపు తప్పుతుంది. 1990ల ఆరంభంలో క్యోటోలో హిగాషిమురా, సావామోటో బృందం టిన్ టెట్రాక్లోరైడ్‌కు టెట్రాబ్యూటైల్ అమ్మోనియం క్లోరైడ్ అనే లవణాన్ని జోడించి, స్టైరీన్ విషయంలో ఈ అదుపును సాధించింది. లవణంలోని క్లోరైడ్ టిన్ టెట్రాక్లోరైడ్‌తో కలిసి ఆనయాన్‌గా మారుతుంది. ఆ ఆనయాన్లు పెరిగేకొద్దీ, ఉమ్మడి అయాన్ ప్రభావం వల్ల, గొలుసు కొనలోని అయాన్ జంట స్వేచ్ఛా అయాన్లుగా విడిపోవడం తగ్గుతుంది.

వివాదమంతా దీని వ్యాఖ్యానంలోనే ఉంది. క్యోటో బృందం దీన్ని కార్బోకాటయాన్ ‘స్థిరీకరణ’గా వివరించింది. క్షిష్తోఫ్ మత్యషెవ్‌స్కీ విభేదించారు. కాటయాన్ స్వభావం మారలేదనీ, గొలుసు కొనల్లో అత్యధిక భాగం సమయోజనీయ రూపంలో నిద్రాణంగా ఉంటుందనీ, స్వల్పభాగం మాత్రమే క్షణకాలం మేల్కొంటుందనీ ఆయన వాదం. ఈ రెండు స్థితుల మధ్య వేగవంతమైన మార్పిడే గొలుసులన్నీ సమంగా పెరగడానికి కారణం.

ఈ రెండవ వాదమే బలమైనది. కాటయాన్ నిజంగా స్థిరపడితే, మోనోమర్‌తో చర్య, ప్రోటాన్ నష్టం రెండూ నెమ్మదించాలి. ఒకటి సాగి మరొకటి ఆగడానికి స్థిరీకరణ ఒక్కటే చాలదు. పైగా పొడవైన గొలుసులు కోరినప్పుడు ప్రోటాన్ నష్టం మళ్ళీ బయటపడుతుంది. అంటే అది తొలగిపోలేదు, కనిపించనంతగా తగ్గింది.

తెలుగులో ‘సజీవ’ అన్నప్పుడు ఎడతెగని చలనం ధ్వనిస్తుంది. ఇక్కడ ఏ క్షణంలో చూసినా అధికభాగం గొలుసులు నిద్రలోనే ఉంటాయి. లవణం వాటికి ప్రాణం పోయదు, కట్టడి చేస్తుంది. మోతాదు టిన్ టెట్రాక్లోరైడ్‌ను మించితే దాన్నే బంధించి చర్యను నిలిపివేస్తుంది. అందువల్ల తెలుగు పాఠంలో ‘నిద్రాణ–క్రియాశీల సమతాస్థితి’ అనే భావనను ముందు బోధించి, ‘సజీవ’ అన్న పేరును ఆ తరువాత పరిచయం చేయడం సముచితం.