‘డామినేట్’కు తెలుగు వాడుక: పెత్తనం, పెద్దరికం, చెల్లుబడి

‘ఆధిపత్యం’ అనే మాట లేకుండా గత నాలుగు దశాబ్దాల తెలుగు విమర్శను ఊహించడం కష్టం. పురుషాధిపత్యం, కులాధిపత్యం, ప్రాంతీయ ఆధిపత్యం, ఆధిపత్య భాష... వాదాలు మారినా ఈ మాట మారలేదు. ఇంగ్లీషులో డామినెన్స్, డామినేషన్, హెజిమొనీ, సుప్రిమసీ అని విడివిడిగా ఉన్న భావనలు తెలుగులోకి వచ్చేసరికి ఎక్కువగా ఈ ఒక్క తత్సమంలోనే కలిసిపోయాయి. ఈ కలయిక వల్ల కలిగిన నష్టం అనువాదంతో ఆగలేదు, కృతుల అర్థనిర్ణయం దాకా పాకింది. నిజానికి ఈ భేదాలను చెప్పగల మాటలు తెలుగు వ్యవహారంలో ఉన్నాయి. వాటిని పరిభాషగా తీసుకోవడానికి విమర్శ సంకోచించింది.

ఆ వ్యవహారాన్ని గమనించడానికి సికింద్రాబాద్‌లోని మారేడ్‌పల్లి అనువైన చోటు. 1798 నాటి సైన్య సహకార ఒప్పందం తరువాత హైదరాబాదు పక్కన బ్రిటిష్ దండు విడిసింది. ఆ విడిది 1806లో సికందర్ జా పేరిట సికింద్రాబాద్ అయింది. జనం నోట మాత్రం అది నేటికీ ‘లష్కర్’. మహంకాళి జాతర లష్కర్ బోనాలు. సైన్యమనే అర్థం మాటలో మిగిలింది, పలికేవారి తలపులో లేదు. తెలుగు, దక్కనీ ఉర్దూ, తమిళం, ఇంగ్లీషు కలిసి వినిపించే మారేడ్‌పల్లి వంటి పేటలో పెత్తనం, దబాయింపు, జులుం, హుకుం, జబర్దస్తీ, దాదాగిరి, డామినేషన్ అన్నీ తెలుగు వాక్యంలో ఇముడుతాయి. పైకి ఇవి పర్యాయపదాలే. ఒకదాని స్థానంలో మరొకదాన్ని ఉంచి చూస్తే గాని వాటి తేడా తెలియదు.

‘వాడు నా మీద పెత్తనం చేస్తున్నాడు’, ‘వాడు నన్ను డామినేట్ చేస్తున్నాడు’ అనే రెండు వాక్యాలను పోల్చవచ్చు. పెత్తనం, జులుం, అజమాయిషీ, దాష్టీకం ‘మీద’ను కోరుతాయి, డామినేట్ ద్వితీయా విభక్తిని కోరుతుంది. మొదటి వాక్యంలో బరువు మనిషి మీద పడుతుంది గాని అతడు క్రియకు కర్మ కాడు. రెండవ దానిలో నేరుగా కర్మ అవుతాడు. అంతకన్నా ముఖ్యమైనది కర్త స్వభావం. ‘సంగీతం మాటలను డామినేట్ చేసింది’, ‘పులుపు కారాన్ని డామినేట్ చేసింది’ అనే వాక్యాలు వాడుకలో సహజం. ‘సంగీతం మాటల మీద పెత్తనం చేసింది’ అంటే మాత్రం అది అలంకారం. పెత్తనానికి ఒక మనిషి కావాలి, అతడి పేరు చెప్పాలి. ‘వ్యవస్థ ఆధిపత్యం’, ‘భావజాల ఆధిపత్యం’ అని రాసే విమర్శ వాక్యంలో ఆ మనిషి కనిపించడు. ఇది శైలికి మాత్రమే సంబంధించిన విషయం కాదు.

జబర్దస్తీ చరిత్ర మరో తీరుది. ఫారసీలో జబర్ అంటే పైన, దస్త్ అంటే చేయి. అంటే అక్షరాలా మన ‘పైచేయి’. కాని తెలుగులో పైచేయి పోటీలో దక్కే ఫలితం, జబర్దస్తీ బలవంతం. అదే మాట ‘జబర్దస్త్’గా మారి మెచ్చుకోలు కూడా అయింది. విలన్ నటన హీరోను ‘డామినేట్ చేసింది’ అన్నప్పుడూ నింద ఉండదు, మెప్పే ఉంటుంది.

అన్నిటికన్నా విలువైన జంట పెత్తనం, పెద్దరికం. రెండింటికీ మూలం ‘పెద్ద’, ప్రత్యయాలే వేరు. పెత్తనం చేస్తారు, చెలాయిస్తారు, లాక్కుంటారు. పెద్దరికం ఇస్తారు, నిలుపుకొంటారు, పోగొట్టుకొంటారు. ‘పెద్దరికం చెలాయిస్తున్నాడు’ అంటే అందులో వెక్కిరింత ధ్వనిస్తుంది. పెత్తనం ఎప్పుడూ దుష్టార్థంలోనే ఉందని చెప్పలేం. ‘ఇంటి పెత్తనం కోడలికి అప్పగించింది’ అన్నప్పుడు అది నిర్వహణ మాత్రమే. ‘ఊరి పెత్తనాలు’ అంటే పనిలేని తిరుగుళ్లు. అయినా ఒకరు తీసుకొనే అధికారానికీ పదిమంది ఒప్పి ఇచ్చే అధికారానికీ మధ్య గీత ఈ జంటలో స్పష్టం. గ్రాంసీ చింతనలో హెజిమొనీకి కీలకమైన సమ్మతి భావన ఈ గీత దగ్గరే ఉంది.

ఈ భేదం లేకపోతే ఏం పోతుందో ‘కన్యాశుల్కం’ (తొలి కూర్పు 1897, మలి కూర్పు 1909) చూపుతుంది. అగ్నిహోత్రావధానులు భార్య, బావమరిది కాదన్నా సుబ్బిని లుబ్ధావధానులుకు ఇవ్వబూనుతాడు. అది పెత్తనం, అతడి కోపమే దానికి ఆధారం. గిరీశానికి ఆ ఇంట్లో ఏ పెత్తనమూ లేదు. ఉన్నదల్లా ఇంగ్లీషు. అర్థం కాని ఆ మాటలకే వెంకమ్మ మురిసిపోతుంది; వ్యాజ్యాల అవధానులుకూ ఆ చదువు అక్కరకొస్తుంది. ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు. రెండింటినీ ‘ఆధిపత్యం’ అని ఒకే గాట కట్టే విమర్శకు ఇంటి యజమాని మూర్ఖత్వమూ అతిథి మోసమూ కనిపిస్తాయి. ఇంగ్లీషు ఆ ఇంటివారి ఇష్టంతోనే గడప దాటిందన్న సంగతి జారిపోతుంది. నాటకంలో కొరుకుడు పడనిది అదే.

‘అగ్రకులం’ స్థానంలో ‘ఆధిపత్య కులం’ రావడం దళిత విమర్శ సాధించిన మార్పు. అగ్ర శబ్దం నిచ్చెనమెట్లను ఒప్పుకొంటుంది, ఆధిపత్య శబ్దం ప్రశ్నిస్తుంది. అయితే ఎం.ఎన్. శ్రీనివాస్ 1950లలో ప్రతిపాదించిన భావన సంఖ్య, భూమి, స్థానిక రాజకీయ బలం మీద నిలిచినది. కారంచేడు (1985), చుండూరు (1991) ఘటనల చర్చలో ఆ అర్థం సరిగ్గా సరిపోతుంది. పాఠ్యాంశాల ఎంపికలో, ఛందో వ్యాకరణాల ప్రామాణ్యంలో కనిపించే శక్తి వేరు. అది అక్షరం చేతుల్లోనిది, భూమి చేతుల్లోనిది కాదు. రెంటికీ ఒకే విశేషణం వాడినచోట వాదం పదును తగ్గుతున్నది.

రణజిత్ గుహా గ్రంథం ‘డామినెన్స్ వితౌట్ హెజిమొనీ’ (1997) పేరును ప్రస్తుత పరిభాషలో తెనిగిస్తే ‘ఆధిపత్యం లేని ఆధిపత్యం’ అవుతుంది. ‘పెద్దరికం లేని పెత్తనం’ అంటే అర్థం నిలుస్తుంది. కాని పెద్దరికాన్ని వయసు అంటిపెట్టుకొని ఉంది. గిరీశం ఆ ఇంటి పెద్దలకన్నా చిన్నవాడు, అయినా అతడి మాట చెల్లింది. కనుక ‘చెల్లుబడి’ మరింత తగిన మాట. నాణేనికైనా మాటకైనా అది పుచ్చుకొనేవారిని బట్టి ఉంటుంది. దానికి ఎదురుగా ‘ఏలుబడి’ సిద్ధంగానే ఉంది. వలస రాజ్యం ఒప్పించడం కన్నా బలప్రయోగం మీదే ఎక్కువగా నిలిచిందన్న గుహా వాదాన్ని ‘చెల్లుబడి లేని ఏలుబడి’ అనే నాలుగు నిమిషాల వివరణ అక్కరలేని పేరుతో చెప్పవచ్చు. దండు ఏలుబడి పోయాక కూడా ఇంగ్లీషు చెల్లుబడి తగ్గని మారేడ్‌పల్లి వంటి పేటలకు గుహా సూత్రం ఎంతవరకు వర్తిస్తుందన్నది కంటోన్మెంటు జీవితాన్ని చిత్రించిన తెలుగు కథలను ఈ రెండు మాటలతో తిరిగి చదివితే తేలవలసిన విషయం.