డీజే పాట: దెబ్బ ఎవరిది?

డీజే పాటల ప్రస్తావన రాగానే మన సభల్లో వినిపించే అభిప్రాయం ఒక్కటే: అది రొద, వ్యాపార సంస్కృతి యువకులకు పోస్తున్న మత్తు, దాన్ని నిర్ద్వంద్వంగా ఖండించాలి. ఖండించడానికి నాకేమీ అభ్యంతరం లేదు గాని, ఖండించే ముందు వినాలి గదా. నేను విన్నాను. వినడమే గాదు, ఆనందించాను కూడా. ఆ ఆనందం ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోకుండా వేసే తిట్టు విమర్శ అనిపించుకోదు.

నేను పాఠాలు చెప్పే బొంతపల్లి పాతకాలం వారికి వీరభద్రస్వామి క్షేత్రం. ఇప్పుడది పటాన్‌చెరు నుంచి జిన్నారం దాకా పాకిన పారిశ్రామిక ప్రాంతంలో ఒక ఊరు. జాతరకో, వినాయక నిమజ్జనానికో, పెళ్లి బరాత్‌కో ఇక్కడ ఒక డీసీఎం బండి మీద బేస్ బాక్సులు గోడలాగా పేరుస్తారు, జనరేటరు కడతారు. బండి ముందు ఆడేవాళ్లలో సగంమంది షిఫ్టు దిగి వచ్చినవాళ్లు. ఒడిశా వాడుంటాడు, బీహారు వాడుంటాడు. పాటలో తెలుగు మాట వాళ్లకు ఒక్కటీ తెలియదు. అయినా ఎక్కడ కాలు వెయ్యాలో మనకంటే ముందు వాళ్లకే తెలుస్తుంది.

ఎలా తెలుస్తుంది? ఛందస్సు చదువుకున్నవాళ్లం గనక ఈ ప్రశ్న మనం వేసుకోవాలి. పడమటి దేశాల్లో హౌస్ సంగీతమని పిలిచేదానికి పునాది చాలా సరళమైనది. ఒక ఆవృత్తికి నాలుగు మాత్రలు, నాలుగింటి మీదా సమానమైన బరువుతో ఒక దెబ్బ, నిమిషానికి సుమారు 120 నుంచి 130 దెబ్బలు. మన లెక్కలో చెప్పాలంటే మధురగతి రగడ నడక, చతురశ్రం. మన తీన్‌మార్ అలా నడవదు. అది మూడేసిగా తూగుతుంది. హయప్రచార రగడకు దగ్గరి చుట్టం. తెలంగాణ డీజే కుర్రవాడు చేసే పనల్లా ఈ రెండింటినీ ఒకే బండి మీదికి ఎక్కించడం. నాలుగు పెద్ద దెబ్బలు యంత్రానివి, ఒక్కొక్క దెబ్బ లోపల మూడుగా విడిపోయే తూగు డప్పుది. కాలు యంత్రాన్ని పట్టుకుంటుంది, భుజం డప్పును పట్టుకుంటుంది. గురజాడ 1910లో ముత్యాలసరంలో మూడునూ నాలుగునూ కలిపి నడిపించినప్పుడు సంప్రదాయవాదుల చెవికి అది పద్యంలాగా వినిపించలేదు. డీజేను గురజాడతో పోలుస్తున్నానని ఎవరూ కోపగించుకోవద్దు. నేను పోలుస్తున్నది చెవులను.

ఈ యంత్రపు దెబ్బ ధనికుల విలాసమని మనలో చాలామంది నమ్మకం. దాని చరిత్ర వేరు. హౌస్ అనే పేరు చికాగోలో 1977లో మొదలైన వేర్‌హౌస్ అనే క్లబ్బు నుంచి వచ్చింది. అక్కడ పాటలు కలిపి వినిపించినవాడు ఫ్రాంకీ నకల్స్ అనే నల్లజాతి యువకుడు. ఆడినవాళ్లు ఎక్కువగా నల్లవాళ్లు, లాటినోలు, అందులోనూ స్వలింగ ప్రేమికులు. అంటే ఇంటా బయటా చోటు లేనివాళ్లు. 1979 జూలై 12న అదే నగరంలో ఒక బేస్‌బాల్ మైదానంలో వేలాదిమంది చూస్తుండగా డిస్కో రికార్డులను పోగుపెట్టి పేల్చేశారు. పగిలింది రికార్డులే గాని కోపం రికార్డుల మీద మాత్రమే కాదని తర్వాత చాలామంది రాశారు. రోలాండ్ అనే జపాను కంపెనీ చేసిన 808, 909 అనే తాళయంత్రాలు సెకండ్‌హ్యాండులో చవకగా దొరికితే ఆ కుర్రవాళ్లు కొనుక్కున్నారు. నకల్స్‌కు 909ను అమ్మినవాడు డెట్రాయిట్ వాసి డెరిక్ మే. డెట్రాయిట్ అంటే కార్ల ఫ్యాక్టరీల ఊరు. ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతబడుతున్న కాలంలో అక్కడి నల్ల యువకులు టెక్నోను తయారుచేశారు. మన దేశంలోనే 1982లో చరణ్‌జిత్ సింగ్ అనే బొంబాయి సినిమా వాద్యకారుడు పది రాగాలను ఈ రోలాండ్ యంత్రాల మీద వాయించి రికార్డు తెచ్చాడు. ఎవరూ పట్టించుకోలేదు. 2010లో విదేశీయులు మళ్లీ అచ్చువేస్తే గాని మనకు తెలియలేదు. మన సంగీతాన్ని మనకు బయటివాడు చూపించడం మామూలే.

సామూహిక శ్రమ నుంచి లయ పుట్టిందని క్రిస్టఫర్ కాడ్వెల్ 1937లో, జార్జి థామ్సన్ 1945లో వివరించారు. మన తరం విమర్శకులందరం ఆ మాటతోనే పెరిగాం. నాటు వేసే పాటకూ రోకటి పాటకూ అది సరిగ్గా అతికింది. కాని మాత్రల ప్యాకింగు లైను ముందు పన్నెండు గంటలు నిలబడేవాడి శ్రమలో లయ ఎవరిది? యంత్రానిది. చెయ్యి యంత్రం వెంట పరుగెత్తాలి. పాడుకోవడానికి ఊపిరీ లేదు, అనుమతీ లేదు. అదే మనిషి రాత్రి బండి ముందు ఆడుతున్నప్పుడు అలాంటి నిర్దాక్షిణ్యమైన దెబ్బే మళ్లీ వినిపిస్తుంది, కాని అప్పుడది అతని కాలికి లోబడి ఉంటుంది. నేను పొందిన ఆనందానికి మూలం ఇదేననుకుంటాను. ఇది విముక్తి అనను. రేపటి షిఫ్టుకు మనిషిని తయారుచేసే ఉపశమనం మాత్రమేనని అడోర్నో లాంటివాళ్లు అంటారు, అందులో నిజముంది. అయితే అడోర్నో జాజ్‌ను కూడా ఇలాగే కొట్టిపారేశాడని మరిచిపోకూడదు.

ఇక మాట సంగతి. నా అసలు అభ్యంతరం ఇక్కడ మొదలవుతుంది.

రీమిక్స్ అనే పనికి ఒక మూలం జమైకాలో ఉంది. 1970ల తొలి రోజుల్లో కింగ్ టబ్బీ వంటి ఇంజనీర్లు పాటలోంచి గొంతును తీసేసి, బేస్‌నూ డ్రమ్ములనూ ముందుకు తెచ్చారు. గొంతు పోయిన చోట మరొకడు మైకు పట్టుకొని తన వీధి సంగతులు చెప్పాడు. అంటే మాటను తీసింది కొత్త మాటకు చోటివ్వడానికి. మన దగ్గర పల్లవి ఉంచుతారు, చరణాలు కోస్తారు. బతుకు ఉండేది చరణాల్లోనే. కోసిన చోట వినిపించేదేమిటి? ఫలానా అన్న పేరు, ఫలానా యూత్ పేరు. 2023 ఎన్నికల్లో పార్టీల పాటలు పెళ్లి బరాత్‌లలో కూడా మోగాయంటే ఆ ఖాళీ ఎవరికి ఉపయోగపడుతోందో తెలుస్తూనే ఉంది. ఆడపిల్లను వస్తువు చేసే పల్లవులే ఎక్కువగా మిగలడం కూడా ఈ కోతలో భాగమే.

నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడు పగలు ఫ్యాక్టరీలో పనిచేస్తూ సెలవు రోజుల్లో డీజే వాయిస్తాడు. పాట ఎవరిదో బండి మీద ఒక్కసారైనా చెప్పగూడదా అని అడిగాను. "పాట ఎవలదని ఎవలడుగుతరు సార్? బేస్ ఎంతుందని అడుగుతరు" అన్నాడు. మరి డప్పు దెబ్బ ఎక్కడిది? ఎవరో రికార్డు చేసి పెట్టిన ముక్కలు ల్యాప్‌టాప్‌లో ఉన్నాయట. కొట్టినవాడి పేరు లేదు.

సమస్య కేంద్రం ఇది. డప్పు కేవలం వాద్యం కాదు. ఒక కులం మీద వేసిన వెట్టి. చావుకూ జాతరకూ చాటింపుకూ మాదిగ చెయ్యి కావాలి, ఆ మనిషి మాత్రం గడప దాటరాదు. ఇవాళ గడప లోపల ఫంక్షన్ హాల్లో తీన్‌మార్ మోగుతోంది. ఇది మార్పు అని సంతోషించబోతే, మోగుతున్నది దెబ్బ మాత్రమే, మనిషి ఇంకా బయటే ఉన్నాడు. పైగా ఇదివరకు దొరికే కూలి కూడా పోయింది. డప్పు కాచి, సిర్రనూ చిటికెన పుల్లనూ పట్టుకొని నలభై ఏళ్లు వాయించిన ఒక పెద్దాయన నాతో అన్నాడు: "మా దెబ్బనే ఉంది సారూ, మా చెయ్యి లేదు." 2021లో సినిమాకెక్కిన సారంగ దరియా పాట విషయంలో దాన్ని మొదట వెలుగులోకి తెచ్చింది తానేనని గాయని కోమలి నిలదీస్తే, దర్శకుడు శేఖర్ కమ్ముల జవాబు చెప్పవలసి వచ్చింది. పాడిన గొంతుకు ఆ మాత్రం వినికిడి ఉంది. వాయించిన చేతికి అదీ లేదు.

శబ్దం గురించి వాదన అక్కరలేదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటరాదు. హైదరాబాదు పోలీసులు 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. గుండెజబ్బు ముసలివాళ్లను తలుచుకుంటే ఆ నిషేధాన్ని తప్పుపట్టలేను. కాని నిషేధం విమర్శకు ప్రత్యామ్నాయం కాదు.

జానపద బాణీని తీసుకొని కొత్త మాట పెట్టడం మన ఉద్యమాలకు కొత్తేమీ కాదు. సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు చేసిందదే, 1972లో పుట్టిన జననాట్యమండలి చేసిందదే. వాళ్లు బాణీని ఉంచి మాటను మార్చారు. డీజే మాటను విరగ్గొట్టి బాణీని యంత్రానికిచ్చాడు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీ పేలి నలభైమందికి పైగా కార్మికులు చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది బతుకుతెరువుకు ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. రెండు నెలల్లో వినాయక నిమజ్జనం వచ్చింది, బండ్లు కదిలాయి. నేను విన్న ఏ బండి మీదా ఆ చావుల గురించి ఒక్క చరణం లేదు. ఆ తప్పు డీజేది ఒక్కడిదే అనలేను. ఆ నడకకు సరిపోయే చరణం మనమెవరం రాశాం? నాలుగు దెబ్బల మధ్య ఇమిడే మాట రాయడం వచన కవిత రాసినంత సులువు గాదు.

ఆ కుర్రవాణ్ణి, పెద్దాయనను ఒకచోట కూర్చోబెట్టాను. ల్యాప్‌టాప్‌లోని ముక్కలకు బదులు నీ చేతి దెబ్బనే రికార్డు చేస్తానన్నాడు కుర్రవాడు. "పేరేస్తవా బిడ్డా? పైసలెన్ని?" అన్నాడు పెద్దాయన. పేరు వెయ్యడానికి వెంటనే ఒప్పుకున్నాడు. పైసల బేరం ఇంకా తెగలేదు.